జాయెఖా

నల్లగొండ జిల్లా గ్రంథాలయం, వెనుక గది.
నీళ్ల సీస బయటనే పెట్టి రమ్మన్నది ఖుర్షీద్ మేడం.
పెన్ను కూడ.
పెన్సిల్ ఒక్కటే లోపలికి.
దరఖాస్తుల "ఏం చూడాలె" అన్న గడి కాడ
చాలాసేపు ఆగిన.
"బాయి" అని రాసిన.
ఆమె అద్దాల పైనుంచి చూసింది,
కొట్టెయ్యలేదు.

ఇనుప బీరువ తెరిస్తే
ఎండిన యాపాకు, చెదల మందు,
వానల్లేని ఏడు
గాదెలకు తొంగిచూసినప్పటి వాసన.
తెల్ల నాడ ముడి విప్పింది
పసిపిల్ల మొలతాడు విప్పినంత మెల్లగ.
ఫసలీ పదమూడు వందల యాభై.
బాయిల లెక్క.
అంత ఉర్దూనే,
నాకు తెల్వని దిక్కుకు నడిచే చీమలు.

"మీ ఊరేది బేటా?"
"దామెరగడ్డ."

ఆమె వేలు కాగితాన్ని తాకదు,
కాగితం మీది గాలిని తాకుకుంట పోతది.
ఊరు. బాయి ఎవరిది. ఎన్ని గజాల లోతు.
మోటలెన్ని. ఎండకాలం నీళ్లుంటయా ఉండయా.
ఆఖరి గడి, జాయెఖా.
రుచి, అని చెప్పింది.
"ప్రతి బాయి నీళ్లు తాగి రాసిండు చూడు,
గిర్దావర్ తురాబుద్దీన్."
ఖారా. ఖారా. ఫీకా. ఖారా.
ఖారా అంటే కారం కాదట, ఉప్పన.
తాలూకా తాలూకా మొత్తం
ఒక్క మనిషి నాలుక మీద.

నేను ఎందుకొచ్చిన్నో ఇంకా చెప్పలేదు ఆమెకు.
మా చిన్నాయన జానయ్యను పేరువెట్టి పిలిస్తే
మెడ తిప్పడు,
తలుపు తిరిగినట్టు మనిషంత తిరుగుతడు.
మా తాత సచ్చినంక కూడ సాపుగ పండలేదు,
ఆయన వంపుకే పాడె కట్టిన్రు.
నేను ఫోటో దిగితే పెదవులు మూస్త,
లోపల ఇటుకరంగు గీతలు.

నాయినమ్మ మాత్రం ఆ బాయిని
ఒక్క మాట అననియ్యకపోయేది.
"మా నాయిన ఆ నీళ్లను జూసి నన్నీ ఊరికిచ్చిండు,
పిలగాన్ని జూసి గాదు" అనేది
కర్రకానుకొని, నవ్వుకుంట.

"ఆ, దొరికింది.
దామెరగడ్డ. గచ్చుబాయి. పదహారు గజాలు. మోటలు రెండు.
జాయెఖా, మీఠా."
మేడం ఆగింది.
అద్దాలు తుడుచుకొని మళ్ల వంగింది.
"పక్కన సన్నగ ఇంకేదో రాసిండు.
బహుత్ మీఠా. దో లోటే పియా."

రెండు చెంబులు తాగిండట.

నేను ఒక అబద్ధాన్ని పట్టుకుందామని వచ్చిన.
సంతకం దొరికితే, ముద్ర దొరికితే
ఎవన్నో ఒకన్ని నిలవెట్టి అడుగుదామని.
దొరికింది దూప.
మిట్టమధ్యాహ్నం గుర్రం దిగినోడు,
పొద్దటిసంది ఉప్పుబాయిలన్నిటిని
నాలుక మీద మోసుకొచ్చినోడు,
చెంబెత్తి తాగి, మూతి తుడుచుకొని,
సర్కారు కాగితం మీద
ఏ గడిలకు రాని సంతోషం రాసిండు.
ఆ చెంబు అందిచ్చిన చెయ్యి
మా ఇంటిదే కావొచ్చు.

ఎవన్నడగాలె?

దించుకున్న. నాకు రాయరాదు గనుక
బొమ్మ గీసినట్టు గీసిన.
మేడం నా కాగితం తనదిక్కు తిప్పుకొని చూసింది.
"కింద రెండు చుక్కలు మర్సినవ్ బేటా.
అవి లేకుంటే మీఠా కాదు."
రెండు చుక్కలు పెట్టిన.
పెన్సిల్ మొన విరిగింది.

మళ్ల నాడ కట్టింది. ముడి మీద వేలు పెట్టమంటే పెట్టిన.
"మల్లొస్తవా?" అన్నది.
ఇంకో ఊరి పేజీలు చాన ఉన్నయి,
ఇంక మీఠాలు ఎన్నున్నయో.
తలూపిన.

బయట మెట్ల మీద
నీళ్ల సీస ఎండకు కాగి ఉన్నది.
మూత తీసి ఒక్క గుక్క తీసుకున్న.
మింగకుండ
చాలాసేపు నోట్లెనే పెట్టుకున్న.